మన సీమ కవులను మనము చదివితిమా?



ఈ పఠనమందిరమున కవులను గూర్చియు, వారి కావ్యసంపుటములను గూర్చియు ప్రసంగింపుడని కార్యకర్తలు మమ్ము కోరిరి. ఇట్టి సభలలో కవిత్వమన నేమి, రసమన నేమి యని మొదలుపెట్టి, భరతుని, మమ్మటుని ముగించి, శ్రోతలు కునుకుపాట్లు పడువేళకు ఒక కవి పేరు చెప్పి విరమించుట ఆచారమైనది. మేమా త్రోవను పోము. మా ప్రశ్న చిన్నది. కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో పుట్టిన కవుల పుస్తకములు ఈ గది బీరువాలలో ఎన్ని యున్నవి? ఉన్నవానిని గడచిన సంవత్సరమున ఇంటికి కొనిపోయి చదివినవారెందఱు? పోటీ పరీక్షల పుస్తకములున్న బల్ల చుట్టు కూర్చుండుటకు చోటు చిక్కదు. పద్యముల బీరువా తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో ఎవరికిని తెలియదు. ఒక్క ఊరి గ్రంథాలయమును ఉద్దేశించి ఈ మాట చెప్పుట లేదు. మేము చూచిన పెక్కుచోట్ల ఇదియే స్థితి.

కరీంనగరు, ఆదిలాబాదు అని మేమనునది పాత జిల్లాల మాట. 2016 అక్టోబరులో ఈ రెండును విడివడి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మలు, మంచిర్యాల, ఆసిఫాబాదు మొదలగు క్రొత్త జిల్లాలేర్పడినవి. కవులకు జిల్లా సరిహద్దులు లేవు గావున పాతపేరుతోనే మాటలాడుదుము.

ఒక పాత కథ నెత్తుకొందము. నిజాము రాష్ట్రమున ఆంధ్రకవులు పూజ్యమని యొక పండితుడు వ్రాసెను. పూజ్యమను మాటకు రెండర్థములున్నవి. పూజింపదగినదని యొకటి, లెక్కలలో సున్న యని మఱియొకటి. ఆయన యుద్దేశించినది రెండవ యర్థమే. ఆ మాటకు కోపగించినవారు పలువురు. సురవరము ప్రతాపరెడ్డిగారును కోపగించిరి. కాని ఆయన కోపము పనిగా మాఱినది. 1926 మే 10వ తేదీన పుట్టిన గోలకొండ పత్రిక ఆయన చేతిలో నుండెను. ఆయన ఒక ఖండనవ్యాసము వ్రాసి, నాలుగు చతురోక్తులు విసరి యూరకుండవచ్చును. ఇప్పటి పత్రికలవారైనచో అంతటితో ఆ వివాదము ముగిసెడిది. ఆయన అట్లు చేయక, కవులనుండి పద్యములు తెప్పించి, పూర్వకవుల వివరములు సేకరించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. అందులో లెక్కకు వచ్చిన కవులు 354 మంది. సున్న యన్నవానికి ఇది ప్రత్యుత్తరము.

ఆ కాలమెట్టిదో మఱవరాదు. సర్కారు భాష ఉర్దూ. పైచదువు ఉర్దూలోనే. బహిరంగసభ జరుపవలెనన్నను ముందుగా అనుమతి కావలెను. తెలుగు గ్రంథాలయమును స్థాపించినవారిని అధికారులు అనుమానదృష్టితో చూచిన దినములవి. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొన్న పిమ్మట, ఆ వరుసలోనే తెలంగాణపు పట్టణములలో చిన్న చిన్న పఠనమందిరములు తలయెత్తినవి. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, రెండు పత్రికలు, ఒక కిరసనాయిలు దీపము. గోలకొండ కవుల సంచికకు చదువరులను సిద్ధపఱచినవి అట్టి గదులే యనదగును. మీరు కూర్చున్న ఈ గది ఆ గదుల వంశమునకు చెందినది.

ఇంతవఱకు అందఱికిని తెలిసిన కథయే. వేదికలమీద దీనిని చెప్పి చప్పట్లు కొట్టించుట పరిపాటి. మేము చప్పట్ల కొఱకు చెప్పలేదు. మాకొక సందేహము కలదు. ఈ కథను చెప్పువారిలో ఆ సంచికను తెఱచి పద్యములు చదివినవారెందఱు? 354 అను సంఖ్య అందఱి నోటను ఉన్నది. ఆ 354 మందిలో పది పేర్లు చెప్పుడన్నచో తడుముకొందుము. ఒకరి పద్యమొక్కటి చదువుడన్నచో మౌనమే సమాధానము. సంఖ్య మిగిలినది, కవులు మఱల మఱుగునపడిరి.

ఆ మఱుసటి సంవత్సరమే, 1935లో, ముద్దుకృష్ణ సంకలనమగు ‘వైతాళికులు’ వెలువడినది. ఈ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సంగతి బోధపడును. వైతాళికులు ఒకానొక యభిరుచితో ఏఱి కూర్చిన పూలసజ్జ. నవ్యకవిత్వమును వలచినవాడు తనకు నచ్చినవానిని మాత్రమే గ్రహించెను. గోలకొండ సంచిక జనాభాలెక్క. లెక్కకు లెక్కయే బదులు గావున ప్రతాపరెడ్డిగారు ఏఱుటకు దిగలేదు. దిగియుండిన ఆ సమయమునకు అది తప్పిదమే. 354 మందియు మహాకవులని ఆయనయు అనలేదు, మేమును అనము. సమస్యాపూరణములును, మొక్కుబడి స్తోత్రములును ఏ కాలపు సంకలనములోనైన నుండును. కాని జనాభాలెక్క వ్రాసినవాని పని ముగిసిన చోటనే చదువరి పని మొదలగును. ఆ తొలిపని 1934లో జరిగినది. రెండవ పని మన పాలిటికి మిగిలినది. పూజ్యమను మాటకు మొదటి యర్థమును సాధించుట సంఖ్యలవలన కాదు, చదువుటవలననే యగును.

ఏఱి కూర్చువాడు లేనిచో కవికి ఏ గతి పట్టునో తెలిసికొనుటకు దూరము పోనక్కఱలేదు. పెద్దపల్లి సీమలో, మంథనికి చేరువనున్న రామగిరి దుర్గమును మీరు చూచియే యుందురు. పదునైదవ శతాబ్ది తొలినాళ్లలో అది సబ్బినాటికి రాజధాని. అచ్చటి ముప్పభూపాలుని మంత్రి కందనామాత్యుడు. ఆయనకు పద్మపురాణోత్తరఖండమును అంకితమొసగిన కవి మడికి సింగన. ఈ సింగన పురాణములతో తృప్తినొందక మఱియొక విచిత్రమైన పని చేసెను. తనకు పూర్వులైన తెలుగు కవుల గ్రంథములనుండి రాజనీతి పద్యములను ఏఱి, ఏ పద్యము ఏ గ్రంథములోనిదో పేరు చెప్పుచు, ‘సకలనీతిసమ్మతము’ అను గ్రంథమును కూర్చెను. తెలుగున మొదటి సంకలన గ్రంథమిదియే యని పండితుల మాట.

ఇందులోని విశేషము పేరు చెప్పుటయందున్నది. ముద్రామాత్యము, పురుషార్థసారము, నీతిభూషణము మొదలగు కావ్యములు నేడు మూలరూపమున లభింపవు. తాటాకులు చెదలకు, తేమకు, అగ్నికి ఆహుతియైనవి. అట్టి గ్రంథము లుండెనని మనకు తెలియుటయే, వానిలోని పద్యములు కొన్ని మన చెవిని పడుటయే, సింగన పుణ్యము. రామగిరి నీడన నున్న కవి యొకడు ఏఱిపెట్టకున్నచో ఆ కవులు నిజముగా పూజ్యమయ్యెడివారు, రెండవ యర్థమున. సింగన సంకలనమును సయితము మానవల్లి రామకృష్ణకవిగారు వెదకి వెలికితీసి అచ్చువేయించువఱకు లోకమెఱుగదు. ఏఱినవానిని సయితము మఱియొకడు ఏఱి తీయవలసి వచ్చినది. నన్నెచోడుని కుమారసంభవమును తెలుగువారికి చూపినవారును ఆ రామకృష్ణకవిగారే. వారివంటివారు కవిత్వము వ్రాసినవారికంటె తక్కువ ఉపకారులు కారు.

సింగనకంటె నాలుగైదు వందల యేండ్లు వెనుకకు పోదము. గంగాధర మండలమున కురిక్యాల గ్రామము చెంత బొమ్మలగుట్ట కలదు. ఆ గుట్టరాతిమీద జినమూర్తులును, చక్రేశ్వరీదేవి రూపమును చెక్కబడియున్నవి. క్రిందుగా సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింట శాసనమున్నది. అది సుమారు క్రీ.శ. 945 నాటిది. వ్రాయించినవాడు జినవల్లభుడు. ఇతడు పంపకవి తమ్ముడు. పంపడన్న వేములవాడ చాళుక్యుడగు రెండవ అరికేసరి యాస్థానమున నుండి విక్రమార్జునవిజయమును రచించిన కన్నడ ఆదికవి. ఆ పంపని వంశము వేంగీదేశమునుండి వచ్చినదని కన్నడిగులకును మనకును సాక్ష్యమిచ్చుచున్నది మన కరీంనగరు బండ. అరికేసరి ధర్మపురమును ఆయన కగ్రహారముగా నొసగిన మాటయు నందే యున్నది. అన్న బిరుదమగు కవితాగుణార్ణవమను పేర తమ్ముడు ఒక చెఱువు త్రవ్వించెనట. అన్న కవిత్వమునకు తమ్ముడు చెఱువును కానుక చేసిన కాలము ఎంత చల్లని కాలము!

ఆ శాసనమున తెలుగు భాగము మూడు కందపద్యములు. నన్నయభట్టు భారతమునకు పూనుకొనుటకు దాదాపు నూఱేండ్లకు ముందు ఈ రాతిమీద కందము నిండుగా నడచినది. 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించిన నాటి వాదములలో ఈ మూడు పద్యములును ఎత్తి చూపబడినవి. ఢిల్లీవఱకు పోయిన పద్యములు పది క్రోసుల దూరముననున్న మన బడిపిల్లలకు చేరలేదు. కరీంనగరు గుట్టలు గ్రానైటు కొఱకు కోతపడి, పలకలై, ఓడలకెక్కి పోవుచున్న కాలమున, ఈ గుట్టయు పద్యములును నిలిచియుండుట మన భాగ్యమే. నిలిచియుండగానే పోయి చూడుడు. రాయి కూడ ఒక పద్యసంపుటమే. పుటలు మాత్రము త్రిప్పనక్కఱలేదు.

కవి పేరు మిగిలి పద్యము మఱుగుపడుట యొక విధము. పద్యము మిగిలి కవి మఱుగుపడుట మఱియొక విధము. ధర్మపురి శేషప్పకవి రెండవదానికి ఉదాహరణము. ఆయన నరసింహశతకములోని సీసపద్యములు వీథిబడి చదివిన ప్రతి తెలుగుబిడ్డకును కంఠస్థము. గోదావరికి ఈవల, ఆవల, సముద్రతీరమువఱకు అవి పోయినవి. పద్యము పద్యమునకును మకుటమున ధర్మపురి పేరు మ్రోగుచునేయున్నది. అయినను ఆ ధర్మపురి జగిత్యాల సీమలో గోదావరి యొడ్డున నున్నదని, ఆ పద్యములు కట్టినవాడు మన వాడని, మనలో ఎందఱు తలచిరి? ఆయన నరహరిశతకమును కూడ వ్రాసెను. దానిని చూచినవారు మఱియు తక్కువ. పుణ్యక్షేత్రమునకు పోయి నదీస్నానము చేసి, దర్శనము చేసికొని, ఆ దేవునితో రోజును పోట్లాడి, బ్రతిమాలి, నిష్ఠురమాడిన కవిని తలపక తిరిగి వచ్చెదము. శేషప్ప కవిత్వమున పాండిత్యపటాటోపము లేదు. అందుచేత పండితులు ఆయనను కొంచెము చిన్నచూపు చూచిరి. మా యభిప్రాయమున ఆయన బలము ఆ నిరాడంబరతయే. సీసపద్యమువంటి పొడుగాటి పద్యమును పామరుడు నోట పట్టుకొనునట్లు నడపుట సామాన్యపు పని కాదు.

ఇటీవలి కాలమున ఇదేరీతి గూడ అంజయ్య పాటకు పట్టినది. ఆయన ఆదిలాబాదు జిల్లా లింగాపురమువాడు, 2016లో గతించెను. ‘ఊరు మనదిరా’ అను ఆయన పాట పలు భాషలకు పోయినది. పాడినవారు వేలమంది, కవి పేరడిగినచో జానపదమని చెప్పినవారును గలరు. జానపదమనిపించుకొనుట పాటకు కీర్తియే గాని, పాట కట్టినవానికి దారుణమే.

ఆదిలాబాదు మాట వచ్చినది గనుక అటు మఱలుదము. అడవులు, గుట్టలు, గోండుగూడెములు తప్ప అచ్చట సాహిత్యమేమున్నదని కరీంనగరువారే అనగా మేము విన్నాము. నిజాము రాష్ట్రమంతటిని పూజ్యమన్న పండితుని మాటకు మనము కోపగించితిమి. ఆ మాటనే మనము పొరుగువారిని గూర్చి వాడితిమి. సామల సదాశివగారు 1928లో ఆదిలాబాదు సీమలోని తెనుగుపల్లెలో జన్మించి, 2012లో గతించిరి. తెలుగు, ఉర్దూ, ఫారసీ, హిందీ, మరాఠీ భాషలలో గట్టివారు. తొలినాళ్లలో అందఱివలె పద్యములు వ్రాసిరి. ఉర్దూ, ఫారసీ సాహిత్యములను తెలుగువారికి పరిచయము చేయుడని ఆయనను ప్రోత్సహించినవారు, చూడుడు, ఆ ప్రతాపరెడ్డిగారే. 354 మందిని లెక్కించినవాని కన్ను ఆదిలాబాదు మూలనున్న యువకునిమీద గూడ పడినది. ఆ సలహా వృథా పోలేదు.

సదాశివగారు తెలుగు చేసినవానిలో అమ్జద్ రుబాయీలు ముఖ్యమైనవి. అమ్జద్ హైదరాబాదీ 1908 సెప్టెంబరులో మూసీనది పొంగినప్పుడు తల్లిని, భార్యను, బిడ్డను పోగొట్టుకొనిన కవి. ఆ దుఃఖమును నాలుగు పాదముల రుబాయీలలో ఎంతో అణకువగా పొదిగినవాడు. అణకువ గల దుఃఖమును మఱియొక భాషలోనికి తెచ్చుట కడుకష్టము. కొంచెము పెచ్చు పలికిన ఏడుపగును, కొంచెము తగ్గిన నీతివాక్యమగును. సదాశివగారు ఆ కత్తిమీది సాము చేసిరి. అంతటితో ఆగక, ఉర్దూ సాహిత్యచరిత్రను వ్రాసిరి. గాలిబును గూర్చి వ్రాసిరి. హిందుస్తానీ గాయకులను గూర్చి ముచ్చటలు చెప్పిరి. ‘స్వరలయలు’ గ్రంథమునకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఒక కవిని మఱియొక భాషవారికి చదివి వినిపించుటలోనే ఒక జీవితము గడపవచ్చునని ఆయనవలన తెలియుచున్నది. హైదరాబాదున హిందువు తెలుగును, ముసల్మాను ఉర్దూను పంచుకొని వేఱుపడవలెనని చెప్పువారికి ఈ ఆదిలాబాదు ఉపాధ్యాయుని బీరువా ఒక సమాధానము. సి. నారాయణరెడ్డిగారు సయితము హనుమాజీపేటలో పుట్టి, ఉర్దూ మాధ్యమమున చదివి, తెలుగు కవియై, ‘విశ్వంభర’ రచించి 1988 జ్ఞానపీఠమును తెచ్చినవారు. ఆయనను గూర్చి చెప్పువారు చాలమంది యున్నారు గావున మేము విస్తరింపము.

ఆదిలాబాదున మఱియొక సంపుటమున్నది. దానికి అట్టలు లేవు. గోండుల వంశకథలను ప్రధాన్లు కిక్రీ వాయించుచు రాత్రింబవళ్లు పాడుదురు. ఏ వంశమునకు ఏ కథ, ఏ పూజకు ఏ పాట, అన్నియు కంఠస్థములు. నార్నూరు దగ్గఱి గుంజాల గ్రామమున గోండీ భాషకు సొంత లిపియు, ఆ లిపిలో వ్రాసికొనిన పుస్తకములును ఉన్నవని ఈ శతాబ్దమున వెల్లడియైనది. 2018లో ఆ లిపి యూనికోడునకు ఎక్కి, ప్రపంచపు కంప్యూటర్లలో చోటు సంపాదించుకొన్నది. మన పఠనమందిరములలో ఎక్కలేదు. గోండీ మనకు రాదు, కాబట్టి దానినిగూర్చి గొప్ప తీర్పులు చెప్పము. ఆ పాటలను మనము పోయి ఏఱి తెచ్చి మన పేరుతో అచ్చువేయవలెనని కూడ అనము. వారు వ్రాసికొనినవారు, వారే కూర్చుకొనగలరు. వారు కూర్చినప్పుడు కొని చదువుటకు మనము సిద్ధముగా నున్నచో చాలును.

ఇక మా మనస్సున ఈ ప్రసంగమంతటికిని కారణమైన కవి యొద్దకు వచ్చుచున్నాము. అలిశెట్టి ప్రభాకర్ జగిత్యాలవాడు. మొదట చిత్రకారుడు, తరువాత ఛాయాచిత్రకారుడు, ఆ రెంటితోపాటు కవి. జగిత్యాలలో, కరీంనగరున, పిదప హైదరాబాదున ఫొటో స్టూడియోలు పెట్టెను. ఏదియు ఆయనను ధనవంతుని చేయలేదు. ఆయన తొలి సంపుటము ‘ఎర్ర పావురాలు’ 1978లో వెలువడినది. జగిత్యాల జైత్రయాత్ర జరిగిన సంవత్సరమది. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించిన సంవత్సరమది. పిమ్మట ‘మంటల జెండాలు’, ‘చురకలు’, ‘రక్తరేఖ’, ‘సంక్షోభ గీతం’, ‘సిటీ లైఫ్’ వచ్చినవి. కడపటిదైన సిటీ లైఫ్ ఆంధ్రజ్యోతి దినపత్రికలో తునకలు తునకలుగా వచ్చినది. క్షయరోగము ఆయనను పట్టినది. 1993 జనవరి 12వ తేదీన, నలువది యేండ్లు నిండకమునుపే, హైదరాబాదున కన్నుమూసెను.

ఆయన పద్యము నాలుగు పంక్తులు, ఆఱు పంక్తులు. ఛందస్సు లేదు. గ్రాంథికమునకు అలవాటుపడిన మా చెవికి తొలుత అది కవిత్వముగా తోచకపోవుట సహజమే. కాని చిత్రకారుడు వ్రాసిన మాటలని గుర్తుంచుకొని చదివినచో రహస్యము విడిపోవును. అందులో వర్ణన లేదు. ఒక బొమ్మ యున్నది. బొమ్మను చూచి మనము ముందుకు పోబోవునంతలో అది వెనుకనుండి గుచ్చును. నగరపు వీథి, ఆకలి, వేశ్య, బిచ్చగాడు, అధికారి, ఓటు, ఇవి ఆయన వస్తువులు. కందపద్యమునకు గణములెట్లో, ఆయన చిన్న కవితకు పొదుపు అట్లు. ఒక్క మాట ఎక్కువైనను చెడును. అన్నియు సమానముగా కుదిరినవనము. కొన్ని వట్టి చమత్కారములు, కొన్ని నినాదములు. కుదిరినవి మాత్రము తెలుగున చిన్న కవిత ఎంత మోయగలదో చూపినవి.

ఆయన సంపుటముల గతి యేమి? చిన్న పుస్తకములు, తక్కువ ప్రతులు, మిత్రుల చందాలు. చదివినవాడు ఇంకొకని కిచ్చును. వాడు తిరిగి యీయడు. ఆయన పోయిన యిరువదియేండ్లకు, 2013లో, మిత్రులు శ్రమపడి ఆయన కవిత్వమునంతటిని ఒక్క సంపుటముగా కూర్చి ప్రకటించిరి. వారు సింగన చేసిన పనినే చేసిరి. ఆ మిత్రులు లేనియెడల సంగతి యేమగును? ఇప్పుడు ఈ సీమలో నేతగాండ్రలో, బొగ్గుగని కార్మికులలో, బడిపంతుళ్లలో, సొంత డబ్బుతో నూఱు పుటల పుస్తకము అచ్చువేయించి, ఆవిష్కరణసభనాడు పంచి, మిగిలిన కట్టలను మంచము క్రింద నుంచుకొన్న కవులెందఱో యున్నారు. సెల్‌ఫోనులో పెట్టినచో చిరకాలము నిలుచునని కొందఱు నమ్ముచున్నారు. తాటాకు మూడు నాలుగు వందల యేండ్లు నిలిచినది. ఫోను మూడు నాలుగేండ్లకు మాఱుచున్నది.

చదువుటను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1959 మొదలు 1961 వఱకు విశ్వనాథ సత్యనారాయణగారు కరీంనగరు కళాశాలకు ప్రధానాచార్యులుగా నుండిరి. అట్టి కవి ఊరిలో మెలగిన రెండేండ్లలో ఎందఱి చెవులు తెఱచుకొన్నవో లెక్కింపలేము. జువ్వాడి గౌతమరావుగారు రామాయణ కల్పవృక్ష పద్యములను చదువుచుండగా విన్నవారు, చదివినప్పుడు కఠినమనిపించిన పద్యము విన్నప్పుడు తేటపడెనని చెప్పుకొందురు. పద్యమైనను, వచనకవితయైనను గొంతెత్తి చదువవలెను. పఠనమందిరములలో నిశ్శబ్దము పాటింపుడను బోర్డు మంచిదే. వారమున కొకగంట దానిని త్రిప్పిపెట్టవచ్చును.

రెండవది, మావాడు అను మాట. మావాడు గావున మహాకవి యనుట ఒక జబ్బు. సన్మానసభలో శాలువ కప్పి, పుస్తకము తెఱవకయే ప్రశంసించి, మఱునాడు మఱచుట దాని లక్షణము. సున్న యన్నవాని మాట కవికి ఎంత అన్యాయమో, చదువక పొగడువాని మాటయు అంతే. కవికి కావలసినది ఈ పద్యము బాగున్నది, ఈ పద్యము తేలిపోయినది, ఇది ఎందుకు వ్రాసితివి అని యడుగు మనిషి. ఒక్కరు దొరకినను ఆయన మఱియొక పుస్తకము వ్రాయును.

కార్యకర్తలతో మేము ముందే మాటలాడితిమి. ఒక బీరువాను ఖాళీచేసి, పాత రెండు జిల్లాల కవుల పుస్తకములకు కేటాయించుటకు వారు సమ్మతించిరి. ఊరి కవులెవరు ఏ పుస్తకము తెచ్చి యిచ్చినను, రెండు ప్రతులు తీసికొని, ఒకటి చదువరులకును, ఒకటి భద్రపఱచుటకును ఉంచవలెను. రిజిస్టరులో కవి ఊరు, అచ్చైన సంవత్సరము, అచ్చాపీసు పేరు తప్పక వ్రాయవలెను. సింగన మూల గ్రంథముల పేర్లు వ్రాయకున్నచో మనకు నేడేమియు తెలిసెడిది కాదు. ఇండ్లలో తాత, ముత్తాతలు వ్రాసికొనిన నోటుపుస్తకములు, తాటాకు కట్టలు ఉన్నచో పుస్తకమును తమయొద్దనే యుంచుకొని, ఛాయాప్రతి మాత్రమిచ్చినను చాలును. ఖర్చు పెద్దది కాదు. ఒక సన్మానసభకగు పూలదండల వెలతో సంవత్సరమంతయు గడచును.

ఆదివారము సాయంకాలము గంటసేపు చదువుటకు మొదటి పుస్తకమేదియను విషయమున కార్యకర్తలలో రెండు పక్షములేర్పడినవని విన్నాము. పెద్దలు శేషప్ప అనుచున్నారు. కళాశాల విద్యార్థులు ప్రభాకర్ అనుచున్నారు. మమ్మడిగినచో ప్రభాకర్ సంపుటముతో మొదలిడుడు, ఒక్కొక్కరు ఒక్కొక్క కవిత చదువుడు, పెద్దలు దానిని తప్పుపట్టుడు, విద్యార్థులు బదులు చెప్పుడు. ఆ తరువాతి వారము శేషప్పను చేతబట్టుడు. బస్సు మాట్లాడుకొనగలిగిన నాడు కురిక్యాల గుట్టకు పోవచ్చును. నీటిసీసా, టార్చిలైటు తీసికొనిపొండు, సాయంకాలపు వెలుతురున అక్షరములు సరిగా కానరావు.